బరువు పుస్తకం

బరంపురం పాత బస్టాండు వెనక
జిరాక్సు కొట్టుకీ మిక్చరు బండికీ మధ్య
ఆరడుగుల గది.
బోర్డు మీద విమానం బొమ్మ;
దాని తోకని ఎండ తినేసింది.

పోర్టుబ్లెయిరు దాకా ఎవరైనా తీసుకుపోతారు.
అక్కణ్ణించి చిట్టచివరి దీవులకి
ఎగిరేది మా కంపెనీ ఒక్కటే.
పందొమ్మిది సీట్లు, రెండు పంకాలు.
చిన్న విమానం కదా, మనిషిని కూడా తూచాలి.
అందుకే నా బల్ల పక్కన
ఉల్లిపాయల షావుకారు దగ్గర కొన్న పాత కాటా.

గోపాలపురం నుంచీ ఆర్జిపల్లి నుంచీ వచ్చేవాళ్లు
చెప్పులు బయట విడిచి
గుడిమెట్టు ఎక్కినట్టు ఎక్కేవారు దాని మీద.
కొందరు ఊపిరి బిగబట్టేవారు,
గాలి కూడా కేజీల్లోకి వస్తుందేమోనని.

నేను పుస్తకంలో రాసేవాణ్ణి:
టేకల దండాసి, వెల్డింగు పని, అరవై మూడు. సంచి తొమ్మిది.
సాబత్ మాస్టారు, డెబ్బై ఒకటి. పుస్తకాలు పద్నాలుగు కేజీలు.
నాలుగు కేజీలు తగ్గించమంటే
అరగంట కూచుని ఒక్క నిఘంటువు తీశాడు,
దాన్నీ మళ్లీ పెట్టేశాడు.
మైలపల్లి కొర్లమ్మ, నలభై ఒకటి.
ఎండు కవ్వళ్ల మూట, ఆరున్నర.

"సెల్లెలి కూతురికి తొలికాన్పు బాబూ.
ఆ దీవిలో మంత్రసాని నేదట.
నాను ఎల్లకపోతే బొడ్డు ఎవులు కోత్తారు?"
కొంగుముడి విప్పి నోట్లు లెక్కపెట్టింది.
ఉప్పుగాలికి బిరుసెక్కిన నోట్లు
అప్పడాల్లా చప్పుడు చేశాయి.

మంగళవారం, పదీ ఇరవైకి
నాలుగు లైన్ల మెసేజి.
సేవలు నిలిపివేయడమైనది.
సొమ్ము, చెల్లించిన ఖాతాకే తిరిగి జమ అగును.
కొంగుముడికి ఖాతా నెంబరు ఎంత?
ఫోను చేశాను, పాట వచ్చింది.
సాయంత్రం మళ్లీ చేశాను, పాట కూడా రాలేదు.

దండాసి పనిలో ఒకటో తారీఖుకల్లా ఇంకెవడో చేరాడు.
మాస్టారు ఒడియాలో, చాలా మర్యాదగా, నన్ను తిట్టాడు.
కొర్లమ్మ మాత్రం వారం వారం వచ్చి
కాటా ఎక్కి దిగేది.
"సూడు బాబూ, తగ్గినాను.
ఇప్పుడైనా ఎగురుతాదేటి?"
తన బరువు వల్లే ఆగిందనుకుందో
నన్ను ఆటపట్టించిందో
ఇప్పటికీ నాకు తెలీదు.

నా మూణ్ణెల్ల జీతం కంపెనీ దగ్గరే ఉండిపోయింది.
కాటా అమ్మి, పైన కొంత వేసి ఆమెకిచ్చాను.
చాలదు.
తీసుకుంది.

విశాఖలో ఓడెక్కింది.
మూడు రోజులన్నారు, ఐదయ్యాయి.
ఆపైన తుఫాను హెచ్చరిక. రేవు షెడ్డులో పద్దెనిమిది రాత్రులు,
మూటలో కవ్వళ్లే కూడూ కూరా.
ఆపైన ఇంకో చిన్న ఓడ.
చేరేసరికి పిల్ల మెడ నిలబెట్టి
ఎవరీ ముసలిదని చూసిందట.
బొడ్డు కోసింది లైట్‌హౌసు వంటవాడట,
కొత్త బ్లేడుతో,
కళ్లు మూసుకుని.

తిరిగొచ్చాక ఒక మధ్యాహ్నం గదికి వచ్చింది.
అప్పటికి అందులో ఫోను కవర్లు అమ్ముతున్నాను.
కాటా ఉండే చోట నేలమీద చదరపు మరక.
చెప్పులు విడిచి
ఆ మరకలోనే నిలబడింది.
"ఓడోళ్లు నన్ను తూచనేదు బాబూ.
మూటనీ తూచనేదు.
నోపలికి తోసీసినారు, అంతే."

బల్లకింద నుంచి పుస్తకం తీశాను.
కంటితో అంచనా కట్టి రాశాను: ముప్పై తొమ్మిది.
"మూట?" అన్నాను.

కొంగుముడి విప్పింది.
జానెడు కన్నా తక్కువ వలదారం, రెండు ముళ్లు.
పిల్ల కాలి కొలత,
వెండి పట్టీలకి.
ఎవరితో పంపాలో, ఎప్పటికి చేరుతుందో,
చేరేసరికి ఆ కాలు ఎంత అవుతుందో.

"దీనికేటి బరువు" అంది.
అయినా రాసుకున్నాను.